మన రక్తం, మన ఆకు, మన మాట తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఏం తెచ్చారు?



పోస్టు కాస్త పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు, డిగ్రీ, పీజీ, నర్సింగ్, ఎంబీబీఎస్ చదివేవాళ్ళు తప్పకుండా చదవాలి. ఒప్పుకోకపోతే గ్రూపులోనే చెప్పండి, మాట్లాడుకుందాం.

మన గూడేలకు, తండాలకు, పెంటలకు ఏడాదికి ఎంతమంది సర్వే పేరుతో వస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఒకరొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకుంటారు. ఒకరొచ్చి పిల్లల ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత రాసుకుంటారు. ఒకరు ఏ ఆకు ఏ రోగానికి వాడతారని ముసలోళ్ళను అడుగుతారు. ఇంకొకరు పెళ్ళి ఆచారాలు, దేవుళ్ళు, పాటలు రికార్డు చేసుకుంటారు. మనోళ్ళు చాప పరుస్తారు, నీళ్ళిస్తారు, ఉన్నదాంట్లో అన్నం పెడతారు. అడిగినదంతా చెప్తారు. వచ్చినవాళ్ళు జీపెక్కి పోతారు. తర్వాత ఏమైంది? ఆ రక్తంలో ఏం తేలింది? ఆ పిల్లలు బలహీనంగా ఉన్నారని తెలిస్తే ఎవరికి చెప్పారు? ఆ పాట ఎక్కడుంది? ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నేను పరిశోధనకు వ్యతిరేకిని కాదు. మలేరియాకు మందు, పురుగు కాటుకు ఇంజెక్షన్, మన భూములకు పట్టా, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని పరిశీలించి, లెక్కరాసి, రుజువు చేస్తేనే వచ్చాయి. నేను చెప్పేది ఒక్కటే. మన దగ్గర మొదలైన అధ్యయనం దాని ఫలితం మనకు అర్థమయ్యే భాషలో మన ఊరికి తిరిగి వచ్చినప్పుడే పూర్తయినట్టు. అప్పటిదాకా అది సగం పనే. ఆ మిగతా సగం అడిగి రాబట్టుకునే బాధ్యత చదువుకున్న మనదే.

ముందు మన ఖమ్మం సంగతి

ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళకు ఇది తెలిసుండకపోవచ్చు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. గుజరాత్‌లో వడోదర జిల్లాలో కూడా ఇలాగే జరిగింది. ఖమ్మంలో టీకా వేసింది సుమారు 14 వేల మందికి. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే మన పిల్లలు.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయినట్టు బయటికొచ్చాక, మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొడవ చేశాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టు ఆపేసింది. విచారణ కమిటీ వేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని ఆ కమిటీ చెప్పింది. ఆ మాట మనం దాచకూడదు. కానీ అదే విచారణలో ఇంకో విషయం బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దాన్ని గట్టిగా ఎత్తి చూపింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. 1,948 పత్రాల మీద వేలిముద్రలు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. అమ్మానాన్న గూడెంలో ఉన్నారు. బిడ్డ హాస్టల్లో ఉంది. బిడ్డ ఒంట్లోకి సూది గుచ్చడానికి ఒప్పుకున్నది వార్డెన్. వార్డెన్ అన్నం పెట్టొచ్చు, చదువు చూడొచ్చు, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చు. తల్లిదండ్రుల బదులు పరిశోధనకు సంతకం పెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా కోయలో చదివి వినిపించారా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పనిని నడిపినవాళ్ళు దీన్ని క్లినికల్ ట్రయల్ అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. పేరు మారితే పాటించాల్సిన నిబంధనలు, నష్టం జరిగితే ఇవ్వాల్సిన పరిహారం అన్నీ మారిపోతాయి. పార్లమెంటు సంఘం దీన్ని కూడా తప్పుపట్టింది. కాబట్టి ఎవరైనా "ఇది రీసెర్చ్ కాదు, ఊరికే ప్రోగ్రామ్" అంటే అక్కడే చెవులు రిక్కించాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్తున్నా, ఎవరూ దీన్ని తిప్పి వాట్సాప్‌లో వేరేగా పంపకండి. హెచ్‌పీవీ టీకా చెడ్డది అని నేను అనడం లేదు. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో వాడుతున్నారు, మన దేశంలోనే తయారైన టీకా 2022లో వచ్చింది. మన ఆడవాళ్ళు క్యాన్సర్ బాగా ముదిరాకే ఆస్పత్రికి చేరతారు, అందుకే ఆ టీకా అవసరం మనకే ఎక్కువ. తప్పు జరిగింది అడగకుండా చెయ్యడంలో. మంచి మందును కూడా అడగకుండా ఇస్తే జనంలో భయం పుడుతుంది. ఆ భయం తర్వాత వచ్చే ప్రతి టీకాకూ అడ్డం పడుతుంది. అంటే సమ్మతి తీసుకోకపోవడం మన గౌరవానికీ నష్టమే, వైద్యానికీ నష్టమే.

ఒక పని కోసం ఇచ్చిన రక్తం ఇంకో పనికి

మన దగ్గరే ఇలా జరుగుతుందని అనుకోకండి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ అడుగున హవసుపాయ్ అనే ఆదివాసీ తెగ ఉంది. చాలా చిన్న తెగ, జనాభా వందల్లోనే. వాళ్ళలో షుగర్ వ్యాధి విపరీతంగా పెరిగింది. 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వచ్చి రక్తం తీసుకున్నారు. ఎందుకు ఇంతమందికి షుగర్ వస్తోందో తెలుస్తుందన్న ఆశతో జనం ఇచ్చారు.

2003లో ఆ తెగ యువతి ఒకామె అదే యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి ప్రసంగం వినడానికి వెళ్ళింది. అక్కడ తెలిసింది, తమ వాళ్ళ రక్తం షుగర్ ఒక్కదానికే వాడలేదని. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి గురించి, తెగలో దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళ గురించి, వాళ్ళ పూర్వీకులు ఎక్కడినుంచి వలస వచ్చారన్న దాని గురించి కూడా వాడారు. ఆ తెగ నమ్మకం ప్రకారం వాళ్ళు పుట్టింది ఆ లోయలోనే. ఆ నమ్మకం మీదనే వాళ్ళ భూమి, వాళ్ళ దేవుడు, వాళ్ళ కథ నిలబడి ఉన్నాయి. దాన్ని కదిలించే ప్రశ్నకు వాళ్ళ రక్తాన్నే వాళ్ళకు చెప్పకుండా వాడారు.

తెగ ఏం చేసిందో తెలుసా? ఆ యూనివర్సిటీ వాళ్ళెవరూ తమ నేల మీద అడుగుపెట్టకూడదని నిషేధం పెట్టింది. కోర్టుకెళ్ళింది. 2010లో రాజీ కుదిరింది. 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు ఇచ్చారు. దానికంటే పెద్ద సంగతి, మిగిలిన రక్తం శాంపిళ్ళను తిరిగి ఇచ్చేశారు. తెగ ప్రతినిధులు వెళ్ళి ఫ్రీజర్ ముందు పాటపాడి, ఏడ్చి, తమవాళ్ళ రక్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్ళలో కొందరు అప్పటికే చనిపోయారు.

వందల మంది ఉన్న తెగ ఒక పెద్ద యూనివర్సిటీని నిలదీసింది. లక్షల్లో ఉన్న మనం కనీసం ఒక ప్రశ్న అడగలేమా?

మనవాళ్ళ రక్తం ఏం చెప్పిందో మనకే తెలియదు

2003లోనే అమెరికాలోని పేరున్న జన్యుశాస్త్ర పత్రికలో ఒక పేపర్ వచ్చింది. దాంట్లో మన చెంచులు, మన కోయల జన్యువులను పరిశీలించారు. తేలింది ఏంటంటే, ఈ దేశంలో మొట్టమొదట స్థిరపడిన మనుషుల వారసత్వం ఆదివాసీల్లోనూ ఉంది, కులాల్లోనూ ఉంది. అంటే మనల్ని ఎక్కడినుంచో వచ్చిన వేరే జాతి అన్నట్టు చూసేవాళ్ళకు సైన్సు చెప్పిన జవాబు అది. అందరి మూలాలూ చాలావరకు ఒక్కటే.

ప్రపంచంలో ఎంతోమంది శాస్త్రవేత్తలు ఆ పేపర్‌ను చదివారు, వాళ్ళ పేపర్లలో ప్రస్తావించారు. కానీ నల్లమలలో ఏ పెంటలోనైనా, భద్రాచలం ఏజెన్సీలో ఏ గూడెంలోనైనా ఆ సంగతి తెలుగులో చెప్పినవాళ్ళు ఉన్నారా? స్కూల్లో "అడవోడా" అని ఎగతాళి చేస్తే తలదించుకునే పిల్లాడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంత ధైర్యం! మన రక్తం నుంచి పుట్టిన జ్ఞానం మన పిల్లాడికి తప్ప అందరికీ అందింది.

ఇప్పుడు సికిల్ సెల్ సంగతి చూడండి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం. మంచి పని. మన పిల్లల్లో ఒళ్ళు నొప్పులు, కీళ్ళ నొప్పులు, కామెర్లు, రక్తం తక్కువ అని ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డవాళ్ళున్నారు. వ్యాధి ఉన్నవాళ్ళకు హైడ్రాక్సీయూరియా లాంటి మందు ఉంది, అది నొప్పుల దాడులను తగ్గిస్తుంది. కాబట్టి పరీక్ష చేయించుకోండి, చేయించండి.

కానీ పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టి పోతే సరిపోదు. ట్రెయిట్ ఉన్నవాళ్ళకు, అంటే ఒక్క జన్యువు మాత్రమే మారినవాళ్ళకు మామూలుగా జబ్బు ఉండదు. బాగా బతుకుతారు, పని చేసుకుంటారు. భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశం వ్యాధి వచ్చేందుకు, సగం అవకాశం ట్రెయిట్ వచ్చేందుకు, మిగిలిన నాలుగో వంతు ఏమీ లేకుండా పుట్టేందుకు ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు గోండిలో, కోయలో, సవరలో, తెలుగులో కూర్చోబెట్టి చెప్పకపోతే ఏమవుతుంది? కార్డు ఉన్న ఆడపిల్లకు పెళ్ళి సంబంధాలు రావు. "వీళ్ళ రక్తం మంచిది కాదు" అనే మాట పుడుతుంది. మగపిల్లాడి కార్డు మాత్రం ఎవరూ అడగరు.

అసలు ఈ జన్యువు మనలో ఎందుకుందో కూడా చెప్పాలి. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ట్రెయిట్ ఉన్న పిల్లలు ప్రాణాంతకమైన మలేరియాను ఎక్కువగా తట్టుకున్నారు, బతికి బట్టకట్టారు. అందుకే ఆ జన్యువు తరతరాలుగా నిలిచింది. ఆఫ్రికాలో, అరేబియాలో, మధ్యధరా సముద్ర తీరాల్లో కూడా అంతే. ఇది శాపమూ కాదు, మన జాతి లోపమూ కాదు. దోమలున్న అడవిలో మన ముత్తాతల ప్రాణాలు కాపాడిన కవచానికి మనం కడుతున్న ఖరీదు ఇది. వ్యాధి లెక్కలు ఢిల్లీకి పోతాయి. ఈ వివరణ మాత్రం గూడేనికి రావాలి. తేవాల్సింది మనమే.

ఆకు ఎవరిది, లాభం ఎవరిది?

కేరళలో అగస్త్య కొండల్లో కాణి అనే తెగ ఉంది. 1987లో శాస్త్రవేత్తల బృందం ఒకటి కాణి యువకులను దారి చూపడానికి వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళింది. శాస్త్రవేత్తలు అలిసిపోయారు గానీ కాణి యువకులు అలిసిపోలేదు. మధ్యమధ్యలో ఏవో చిన్న కాయలు తింటున్నారు. అడిగితే మొదట చెప్పలేదు, అది తెగ రహస్యం. బాగా బతిమాలాక చూపించారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దాని మీద పనిచేసి జీవని అనే మందు తయారుచేసింది. 1995లో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి తయారీ హక్కు ఇచ్చారు. 10 లక్షల రూపాయల లైసెన్సు ఫీజు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణి వాళ్ళకు ఇవ్వాలని సంస్థ నిర్ణయించింది. 1997లో కాణి వాళ్ళ ట్రస్టు ఏర్పడింది.

ఆదివాసీ జ్ఞానానికి లాభంలో వాటా ఇచ్చిన మొదటి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచమంతా దీన్ని చెప్పుకుంటారు. నిజమే, ఏమీ ఇవ్వకుండా పోయినవాళ్ళతో పోలిస్తే ఎంతో నయం. కానీ దాంట్లోనూ లోపాలున్నాయి. దారి చూపిన కొద్దిమందికి తప్ప వేరే ఊళ్ళ కాణి వాళ్ళకు ముందు చెప్పలేదు, అడగలేదు అని తెగలోనే గొడవలొచ్చాయి. ఆ మొక్కను అడవి నుంచి తెచ్చుకోవడానికి అటవీ శాఖ అడ్డుపడింది. తెగ ఎప్పటినుంచో వాడుతున్న మొక్కను తెగ వాళ్ళే తెంపితే నేరమైంది!

మన ముసలమ్మలు, వైద్యం చేసే తాతలు అడిగినవాళ్ళందరికీ వేర్లు, ఆకులు చూపిస్తారు. జ్ఞానం దాచుకోమని నేను అనను. మన పెద్దల మంచితనం అది. కానీ ఫోను పట్టుకుని వీడియో తీసేవాడు ఎవరు, ఏ సంస్థ, రేపు దీంతో మందు తయారైతే ఊరికి ఏంటి అని పక్కన నిలబడిన మనవడు, మనవరాలు అడగాలి కదా.

తిరిగొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు

బయటివాళ్ళందరూ ఒకటే అనుకుంటే అన్యాయం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. ఒకటి గుర్తుంచుకోండి, ఆ అధ్యయనం సర్కారు దయతో రాలేదు. భీమ్ రక్తం చిందితే వచ్చింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యే ఉన్నారు, గోండి నేర్చుకున్నారు. ఆయన రాసినవి పుస్తకాల్లోనే ఉండిపోలేదు. గోండి వాచకాలు వచ్చాయి, మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది, భూములకు పట్టాలు వచ్చాయి.

1970ల చివర్లో ఆయన మళ్ళీ వచ్చారు. అప్పుడు పట్టాలిచ్చిన భూములు ఎలా చేజారిపోయాయో చూసి, దాన్ని కూడా దాచకుండా 1982లో పుస్తకంగా వేశారు. ఈ దంపతుల సమాధులు ఇప్పుడు మార్లవాయిలోనే ఉన్నాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడికి వచ్చి నివాళి అర్పిస్తారు. రక్తసంబంధం లేని మనిషికి మనోళ్ళు ఇంత విలువ ఎందుకిచ్చారు? తీసుకెళ్ళినదాన్ని తిరిగి తెచ్చాడు కాబట్టి. ఆయన సర్కారు ఉద్యోగిగానే వచ్చాడు, ఆయన రాసినవాటితో కూడా మనం విభేదించొచ్చు. కానీ కొలబద్ద మాత్రం మార్లవాయే. ఏ పరిశోధకుడు వచ్చినా ఆ కొలతతో కొలవండి.

"ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారు?"

ఈ ప్రశ్న మనలోనే కొందరు అడుగుతారు. అసలే ఏజెన్సీకి డాక్టర్లు రారు, పరిశోధకులను కూడా నిలదీస్తే మన రోగాలను పట్టించుకునేవాళ్ళే ఉండరు కదా అని. ఈ భయంలో నిజముంది. మనవాళ్ళను చేర్చకుండా చేసిన పరీక్షల వల్ల వచ్చే మందులు మన ఒంటికి ఎలా పనిచేస్తాయో ఎవరికీ తెలియదు. అధ్యయనం లేకపోతే లెక్క ఉండదు, లెక్క లేకపోతే బడ్జెట్ ఉండదు.

కానీ నేను అడగమంటున్నవి కొత్త షరతులు కావు. 2017లో ఐసీఎంఆర్ విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో గిరిజనుల గురించి విడిగా రాసి ఉంది. గిరిజనులకు ప్రయోజనం ఉండే పరిశోధనే చెయ్యాలి. గిరిజన సంక్షేమ కమిషనర్, కలెక్టర్ లాంటి అధికారుల అనుమతి తీసుకోవాలి. ఊరి పెద్దలతో మాట్లాడాలి. పెద్ద ఒప్పుకున్నా సరే, ప్రతి మనిషి దగ్గరా విడిగా సమ్మతి తీసుకోవాలి. పీవీటీజీ అని పిలిచే ఆదిమ తెగల పిల్లలను, గర్భిణులను, ముసలివాళ్ళను చేర్చుకోకుండా అదనపు జాగ్రత్త పడాలి. గిరిజన జ్ఞానంతో వ్యాపారం జరిగే అవకాశముంటే లాభంలో వాటా ఇవ్వాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు, 12 ఏళ్ళు దాటిన బిడ్డ అంగీకారం కూడా కాగితం మీద తీసుకోవాలి. నిజాయితీగా పనిచేసేవాళ్ళకు ఇవేవీ బరువు కావు. ఇవి అడిగితే పారిపోయేవాళ్ళు రాకపోవడమే మంచిది.

దక్షిణాఫ్రికాలో సాన్ తెగవాళ్ళు 2017లో తమ సొంత పరిశోధన నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, ఆదరణ అనే మాటల చుట్టూ, ఎవరికైనా అర్థమయ్యేంత సులువుగా రాశారు. దాంతో పరిశోధకులు రావడం ఆగిపోలేదు. ఎలా రావాలో తెలుసుకుని వస్తున్నారు.

మనం అడగాల్సినవి

ఫోనులో సేవ్ చేసుకోండి, హాస్టల్ గోడ మీద రాసుకోండి:

1. మీరెవరు, ఏ సంస్థ, డబ్బు ఎవరిస్తున్నారు?
2. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? కాగితం చూపించండి.
3. మా దగ్గర ఏం తీసుకుంటున్నారు, ఎందుకు? వేరే పనికి వాడాలంటే మళ్ళీ వచ్చి అడుగుతారా?
4. మా భాషలో చదివి వినిపిస్తారా? సమ్మతి పత్రం కాపీ మా దగ్గర ఉంచుతారా?
5. వద్దంటే మాకు రేషనో, పింఛనో, వైద్యమో ఆగిపోతుందా? ఆగదని రాసిస్తారా?
6. ఏదైనా జబ్బు బయటపడితే వైద్యం ఎవరు చేయిస్తారు? నష్టం జరిగితే బాధ్యత ఎవరిది?
7. ఫలితం చెప్పడానికి ఏ నెలలో మా ఊరికి తిరిగొస్తారు?

ఏడో ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. తేదీ అడగండి.

దీంతో పాటు ఒక చిన్న పని. ప్రతి ఊళ్ళో మన యూత్ వాళ్ళు ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టండి. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏం తీసుకెళ్ళారు, ఫోను నంబరు, ఎప్పుడు తిరిగొస్తామన్నారు. అంతే. చెప్పిన నెల దాటితే ఫోను చెయ్యండి. పలకకపోతే గ్రామసభలో పెట్టండి, ఐటీడీఏలో కాగితం ఇవ్వండి. నాలుగేళ్ళు ఇలా రాస్తే ఆ నోటుబుక్కే మన గూడెం చేసిన మొదటి పరిశోధన అవుతుంది.

ఇక మన సంగతి

చివరగా కాస్త చేదు మాట. రేపు మనలోనే ఎందరో ఎంఏ ప్రాజెక్టు కోసం, పీహెచ్‌డీ కోసం ప్రశ్నల కాగితాలు పట్టుకుని గూడేలకు వెళ్తారు. జాతీయ ఎస్టీ ఫెలోషిప్ కింద పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్‌లు ఉన్నాయి. ప్రయత్నించండి, ఒక్కటీ మిగలకూడదు. మన రోగాలు, మన అడవి, మన భాష, మన భూముల మీద మనమే రాయాలి.

కానీ మన ఇంటిపేరు, మన గోత్రం చూసి ఊళ్ళో జనం తొందరగా నమ్ముతారు. ఆ నమ్మకంతో పని కానిచ్చుకుని, డిగ్రీ రాగానే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండిపోతే, జీపెక్కి పోయినవాడికీ మనకూ తేడా ఏముంది? "మనోడే కదా" అనే మాట సమ్మతి పత్రం కాదు. పెద్దమ్మ దగ్గర కథ రికార్డు చేసుకున్నా అడగాలి, పేరు రాయాలి, అచ్చయ్యాక ఒక కాపీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. ఆమెకు చదువు రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించాలి. తప్పుగా రాశావని ఆమె అంటే దిద్దుకోవాలి. థీసిస్ పరీక్షించే ప్రొఫెసర్లు ఎందరున్నా, మొదటి పరీక్ష అక్కడే.

ఈ గ్రూపులో డిగ్రీ, పీజీ, వైద్యం చదివేవాళ్ళు ఉన్నారు కదా. ఈ వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క పని చెయ్యండి. మీ ఊరి మీద, మీ తెగ మీద వచ్చిన ఏదైనా ఒక్క పేపర్ వెతికి పట్టుకోండి. దాంట్లో ఏముందో ఒక్క పేజీలో తెలుగులో, వీలైతే మీ సొంత భాషలో రాయండి. రచ్చబండ దగ్గర చదవండి, ఈ గ్రూపులో కూడా పెట్టండి. ఎప్పుడో తీసుకెళ్ళినదాన్ని కనీసం మనమైనా ఇంటికి చేరుద్దాం.

జల్, జంగల్, జమీన్ మనవని భీమ్ తాత అన్నాడు. మన గురించిన జ్ఞానం కూడా మనదే.

జోహార్ కొమురం భీమ్! జై ఆదివాసీ!